ఎడమ దిక్కు నట్లు

గురువారం, పదకొండున్నర. సాయంత్రం నాలుగింటికి అంతయ్యను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆలోపు ఏదీ తేలకపోతే హత్యాయత్నం కేసులో ఆయన జైలుకు పోతాడు. ముప్పై ఏళ్లుగా బండ్లు బాగుచేయడం తప్ప ఇంకో లోకం తెలియని మనిషి.

ఇంద్రాణి స్టేషన్ మెట్లెక్కుతుంటే అంతయ్య భార్య సుమిత్రమ్మ గోడవారన కూర్చుని ఉంది. ఒళ్లో టిఫిన్ డబ్బా. మూత తీసిన జాడలేదు.

“తిననియ్యలేదా?” అడిగింది ఇంద్రాణి.

“వాళ్లు ఇయ్యమన్నరమ్మా. ఆయనే వద్దంటుండు. మధు కండ్లు తెరిచేదాక ముద్ద దిగదంట.”

నిన్న సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉన్న ఇంద్రాణి ఆఫీసుకు ఈవిడ వచ్చినప్పుడు కూడా ఏడవలేదు. “మా ఆయన నట్టు లూజుగ ఇడిసిపెట్టే మనిషి కాదు” అని ఒక్కటే మాట మూడుసార్లు చెప్పింది. ఇరవై రెండేళ్లు ఇన్సూరెన్స్ సర్వేయరుగా గుద్దుకున్న బండ్లను, కాలిపోయిన బండ్లను, గుద్దుకున్నట్టు నటించిన బండ్లను చూసిన ఇంద్రాణికి ఆ ఒక్క మాటలో ఏదో నిజం వినిపించింది. ఆ ఉద్యోగం వదిలి డిటెక్టివ్ బోర్డు పెట్టి మూడేళ్లయినా ఆమెకు మనుషుల కంటే బండ్లే తొందరగా అర్థమవుతాయి.

ఎస్సై మహేందర్ గడియారం వైపు చూసి, తర్వాత ఆమె వైపు చూశాడు. పోయినేడాది ఆయన దొంగ అని తెచ్చిన మనిషిని ఇంద్రాణి కాదని తేల్చింది. అప్పటినుంచి ఆమె పేరెత్తితేనే ఆయనకు ఒళ్లు మంట.

“పదిహేను నిమిషాలు, ఇన్సూరెన్స్ మేడమ్. గంతే.”

“చాలండి. మీకు పట్టినంత టైము నాకు పట్టదు లెండి.”

అంతయ్య లోపల బల్లమీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గోళ్లలో నల్లటి గ్రీజు అలాగే ఉంది. ఏడు నెలలు ఆయన చేసిన పని ఒక్కటే. జంగయ్య అనే ఆసామి ఇంట్లో ముప్పై ఏళ్లుగా మూలనపడ్డ 1958 నాటి ఫార్గో పికప్‌ను మళ్లీ రోడ్డెక్కించడం. పైన బాడీ, స్టీరింగు, చక్రాల మీది మెరుపు మూతలు అన్నీ పాతవే ఉండాలని జంగయ్య పట్టు. కింద మాత్రం కొత్త డీజిల్ ఇంజను, కొత్త గేర్‌బాక్సు, కొత్త యాక్సిళ్లు, కొత్త బ్రేకులు. నిన్న, బుధవారం ఉదయం ఆరూ పదికి అది ఎల్బీనగర్ షెడ్డు నుంచి బయల్దేరింది. ఆరూ ముప్పై రెండుకు బాటసింగారం పండ్ల మార్కెట్ ఇంకా రెండు కిలోమీటర్లుందనగా ఎడమ ముందు చక్రం ఊడిపోయింది. తోలుతున్న మధు మలక్‌పేటలో ఒక దవాఖానలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు.

“మంగళవారం గంటగంటకూ ఏం జరిగిందో చెప్పండి, అంతయ్యగారూ.”

“నాలుగింటికి నాలుగు చక్రాల నట్లు నేనే బిగించిన, మేడమ్. బిగించినంక నట్టు మీదికెళ్లి రిమ్ము దాక పచ్చ పెయింటుతోని గీత గీసిన. గీత కలిసుంటే నట్టు కదలనట్టు. తప్పితే ఎవరో కదిపినట్టు. అది నా అలవాటు.”

“తర్వాత?”

“నాలుగున్నరకు ఇంటికి పోయిన. తానం చెయ్యకుండ బండికి పూజ చెయ్య నేను. ఆరింటికి ఒచ్చేసరికి జంగయ్యన్న మనుషులు చక్రాలకు పసుపు రాసి, దండలేసి పెట్టిండ్రు. నా గీతలు పసుపుల కలిసిపోయినయ్.”

“మళ్లీ చూసుకోలేదా?”

అంతయ్య తల వంచుకున్నాడు. “పూజ అయినంక నిమ్మకాయలు తొక్కిచ్చేదాక బండి నట్లకు పానా తగలనియ్యం. మా నాయన కాడికెళ్లి గంతే. ఎనిమిదింటికి తాళమేసిన. పొద్దుగాల నిమ్మకాయలు తొక్కినంక సూద్దామనుకున్న. బండి నిమ్మకాయలు తొక్కి అట్లనే రోడ్డెక్కింది. ఆగుమన్నా ఆగలే. ఆ ఒక్క పని చేసి ఉంటే పోరడు మంచిగుంటుండె, మేడమ్. తప్పు నాదే.”

“తప్పు వేరు, నేరం వేరు. ‘బండి ఎక్కినోడు బతకడు’ అని పదిమందిలో అన్నారట?”

“అన్న. ఇంకో రెండు దినాలు ఖాళీ రోడ్డు మీద తిప్పి సూసి, అప్పుడు హైవే ఎక్కియ్యాలె అన్న. జంగయ్యన్న ఇనలే. కోపమొచ్చి నోరు జారిన.”

“మీరు కాకుండా ఆ చక్రాలను ఇంకెవరైనా ముట్టుకున్నారా? ఈ వారంలో?”

అంతయ్య ఆలోచించాడు. “ఐతారం ఎడమ ముందు టైరు పంచరైంది. నేను యాదగిరిగుట్టకు పోయిన. జంగయ్యన్న తమ్ముని కొడుకు కమలాకర్ ఉండు గదా, ఆయనే చక్రం ఇప్పి, పంచర్ ఏయించి, మల్ల బిగించిండు. సోమవారం నేను సూసుకున్న, మంచిగనే బిగించిండు.”

ఇంద్రాణి అది రాసుకుంది. మంగళవారం సాయంత్రానికి ముందు సంగతి కదా అని పక్కన పెట్టింది కూడా. ఆ పక్కన పెట్టడమే తన పొరపాటని ఆమెకు మధ్యాహ్నం గాని తెలియలేదు.

వరండాలో జంగయ్య, కమలాకర్ ఉన్నారు. జంగయ్యకు అరవై దాటాయి. బెంచీ మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కమలాకర్ ఇస్త్రీ చొక్కాలో, చేతిలో నీళ్ల సీసాతో పక్కనే నిలబడ్డాడు.

“అంతయ్య గంత పని చేస్తడంటే నా మనసు ఒప్పుత లేదు, మేడమ్,” అన్నాడు జంగయ్య. “అసలు తోలాల్సింది నేను. మా నాయన గీ బండిల ద్రాక్షలేసుకొని మార్కెట్‌కు పోతుండె. మొదటిసారి మార్కెట్ దాక నేనే తోల్త అని అందరికి చెప్పుకున్న.”

“మరి మధు ఎందుకెక్కాడు?”

“ఖుషీల తెలివి తప్పింది. పొద్దుగాల షుగర్ సూది ఏసుకొని తినుడు మరిచిపోయిన. సూది ఏసుకుంటే అరగంటల కడుపుల ఏదన్న పడాలె, లేకుంటే మనిషి లేవడు. కండ్లు తిరిగి కింద కూసున్న. మధు తీస్కపోత అన్నడు. నా సావు ఆ పిలగాని మీదికి పోయింది.”

“పెద్దనాయినా, గవన్నీ ఇప్పుడెందుకు?” కమలాకర్ ఆయన భుజం నొక్కాడు. “నువ్వు జర పరేషాన్ గాకు. చూడుండ్రి మేడమ్, గీ బండి మీద పెట్టిన మనసు ఆ రెండెకరాల ద్రాక్షతోట మీద పెడితే ఈపాటికి లేఅవుట్ అయిపోతుండె. అమ్మనంటడు, ఇయ్యనంటడు. మూడేండ్ల సంది గిదే పంచాయితీ.”

మరీ మంచి మాటలు మాట్లాడేవాళ్ల దగ్గర ఇంద్రాణికి కాస్త ఊపిరాడదు. ఆమె స్టేషన్ వెనక పెరట్లోకి నడిచింది.

పికప్ అక్కడే ఉంది. ఎడమ ముందు భాగం నలిగి, మూతి వంగిపోయి, అయినా ఒంటిమీద ఆకుపచ్చ రంగు కొత్తగా మెరుస్తూ. అంత పనితనం చూసి ఇంద్రాణికి నిజంగానే బాధేసింది. చీర కుచ్చిళ్లు పైకి దోపి చక్రాల ముందు కూర్చుంది. చేతిరుమాలు తడిపి పసుపు తుడిచింది.

ముందు ఎడమది ఊడిపోయిన చక్రం. అక్కడ ఐదు బోల్టులు మాత్రం మిగిలాయి, నట్లు లేవు. వెనక ఎడమ చక్రానికి ఐదు నట్లూ ఉన్నాయి. వేలితో తాకితే కదిలాయి. అంతయ్య గీసిన గీత ఐదింటికీ పావు చుట్టుకు పైనే తప్పి ఉంది, ఊడదీసే వైపుకు. చక్రం ఊడింది ఒకటే అయినా వదులైనవి రెండు.

“సూసిన్రా?” వెనకనుంచి మహేందర్ గొంతు. “నేను నిన్ననే సూసిన. ఎడమ దిక్కు రెండు చక్రాలు కావాలని లూజు చేసిండు. తాళం ఎవలి కాడుంది? అంతయ్య కాడ. కేసు ఖతం.”

“కుడివైపు చూశారా?”

“కుడి దిక్కు మంచిగనే ఉన్నయి. ఊడలే గదా.”

ఇంద్రాణి లేచి కుడివైపుకు పోయింది. రెండు నిమిషాలు కూర్చుంది. మూడోసారి తుడిచి చూసి, ఫోనుతో ఫొటోలు తీసింది.

“ఇలా రండి, మహేందర్ గారూ. ఈ గీతలు కూడా తప్పాయి. పదింటికి పది. గోరంత. కాకపోతే బిగించే వైపుకు.”

మహేందర్ వంగి చూశాడు. “అయితే ఏంది?”

“చంపాలనుకున్నవాడు ఎడమవైపు పది నట్లు వదులు చేసి, కుడివైపుకు వచ్చి మరో పది నట్లను ఎందుకు ఇంకా గట్టిగా బిగిస్తాడండీ?”

“గది నాకు తెల్వది. మట్టయ్య వాంగ్మూలం ఉంది నా కాడ. ఎనభై ఏండ్ల మనిషి. గా బండినే ఇరవై ఏండ్లు తోలిన డ్రైవరు. మంగళవారం ఐదుంబావుకు నాలుగు చక్రాల నట్లు పానా మీద కాలుతోని తొక్కి బిగించిన అని చెప్పిండు. దవాఖానల పడ్డది ఆయన సొంత మనుమడు. అబద్ధమాడుతడా? ఆయన బిగించిండంటే, తర్వాత ఇప్పింది తాళం చెవి ఉన్నోడే.”

“ఆ వాంగ్మూలం ఒకసారి చూడొచ్చా?”

“అన్నీ మీకు సూపెట్టుకుంట కూసుంటే నాలుగైతది.”

“నేను చెప్పింది తప్పయితే ఈ స్టేషన్ గడప మళ్లీ తొక్కను. రాసిస్తా.”

ఆ బేరం మహేందర్‌కు బాగా నచ్చినట్టుంది. కాగితం తెప్పించాడు. ఇంద్రాణి నిలబడే చదివింది. ఒక వాక్యం దగ్గర ఆగింది. ‘కుడి దిక్కు నట్లు గట్టిగనే ఉండె, కదలలే. ఎడమ దిక్కు లూజుగుండె, ఒక్కొక్కటి ఒక్క తొక్కుకు పావు చుట్టు ఎక్కింది.’

ఆమె కాగితం మడిచి చేతిలో పట్టుకుని చాలాసేపు బండినే చూసింది. పావు చుట్టు. వెనక ఎడమ చక్రం మీద గీత తప్పింది కూడా దాదాపు అంతే. బిగించింది ఆ ముసలాయనే. విప్పింది కూడా ఆయనే. రెండూ ఒకే తొక్కు.

సర్వేయరుగా చేరిన కొత్తలో ఇలాంటి పాత లారీ ఒకటి ఆమెను బాగా ఏడిపించింది. ఆ కాలం నాటి ఈ బండ్లకు ఎడమవైపు చక్రాల మరలు తిరగబడి ఉంటాయి. మామూలుగా కుడికి తిప్పితే బిగుస్తుంది. ఈ బండ్లకు ఎడమవైపు మాత్రం ఎడమకు తిప్పితే బిగుస్తుంది. చక్రం తిరుగుడుకు నట్టు ఊడకుండా ఆనాటి వాళ్లు చేసిన ఏర్పాటు. అంతయ్య వేసిన కొత్త యాక్సిళ్లకు ఆ గొడవ లేదు. నాలుగు చక్రాలకూ మామూలు మరలే. పైన పాత మూతలు, పాత రంగు, పాత రూపు. మట్టయ్యకు అది తన బండే. పానా పిడి కుడి చక్రానికి కుడివైపు, ఎడమ చక్రానికి ఎడమవైపు పెట్టి, ఇరవై ఏళ్లు తొక్కినట్టే తొక్కాడు. కాలితో తొక్కేవాడికి నట్టు ఎక్కిందో దిగిందో ఏం తెలుస్తుంది?

ఇది చెబితే అంతయ్య బయటికి వస్తాడు. చెబితే ఆ ముసలాయన బతికున్నంతకాలం తన కాలివంక చూసుకుని ఏడుస్తాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంద్రాణికి నేరం ఎవరిదో తేలితే సంతోషం తప్ప ఇలాంటి దిగులు ఎప్పుడూ కలగలేదు. గోడవతల టిఫిన్ డబ్బా పట్టుకుని కూర్చున్న సుమిత్రమ్మ గుర్తొచ్చింది.

“మట్టయ్యగారిని పిలిపించండి,” అంది. “ఇక్కడికే, ఈ బండి దగ్గరికే. మీరు ఫోనులో వీడియో తీయండి. నేను ఆయనకు ముందుగా ఒక్క ముక్క చెప్పను.”

మట్టయ్య వచ్చేసరికి రెండూ పది. బక్కపలచని మనిషి, తెల్ల ధోవతి, భుజం మీద తువ్వాల. కానిస్టేబుల్ చెయ్యి పట్టుకోబోతే వద్దన్నాడు. బండిని చూసి నలిగిన బానెట్ మీద అరచెయ్యి ఉంచాడు.

“మధు ఎలా ఉన్నాడు, మట్టయ్యగారూ?”

“పొద్దున వేలు కదిలిచ్చిండు బిడ్డా. డాక్టరమ్మ మంచిదే అన్నది.” ఆయన అంతయ్య ఉన్న గదివైపు చూశాడు. “గా అంతయ్య మీద నాకేం పగ లేదు. గాని బిగించిన నట్టును ఎట్ల ఇప్ప బుద్ధయింది వానికి?”

ఇంద్రాణి వెనక ఎడమ చక్రం చూపించింది. “ఈ నట్టు వదులుగా ఉంది. మీ చేత్తో కాస్త బిగిస్తారా?”

“గంతేనా,” అని ఆయన మోకాళ్లు పట్టుకుని మెల్లగా కింద కూర్చున్నాడు. పానా అక్కర్లేదన్నాడు. బొటనవేలు, చూపుడువేలు మధ్య నట్టు పట్టుకుని తిప్పాడు. ఎడమకు. చెయ్యి తనంతట తానే తిప్పినట్టు తిప్పాడు. రెండు చుట్లు, నాలుగు చుట్లు. ఇంకా తిరుగుతూనే ఉంది. ఏడో చుట్టుకు నట్టు ఊడి ఆయన అరచేతిలోకి వచ్చింది.

ఆయన దాన్ని చూశాడు. మళ్లీ బోల్టుకు పెట్టి ఎడమకు తిప్పాడు. ఎక్కలేదు. కుడికి తిప్పాడు. ఎక్కింది.

“ఇది మన బండి మర కాదు,” అన్నాడు.

“కాదండి. కింద యాక్సిలు కొత్తది. ఎడమవైపు కూడా మామూలు మరే.”

మహేందర్ ఫోను మెల్లగా దించాడు. మట్టయ్య నట్టు పిడికిట్లో పట్టుకుని కూర్చుండిపోయాడు. కళ్లనుంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

“నేనే ఇప్పిన,” అన్నాడు చివరికి. “నా మనుమని చక్రం నేనే ఇప్పిన. వాడు లేస్తే ఏమని చెప్పాలె బిడ్డా?”

ఇంద్రాణి ఆయన పక్కనే నేలమీద కూర్చుంది. “మీరు బిగిద్దామనే చేశారు. అది వీడియోలో ఉంది, మహేందర్ గారు కళ్లారా చూశారు. మధుకు నేను చెబుతాను.”

మహేందర్ గొంతు సవరించుకుని కానిస్టేబుల్‌ను పిలిచాడు. “అంతయ్యను బయట కూసోబెట్టు. వాళ్లింటామెను లోపలికి పిలువు. జడ్జిసాబ్ కాడికి కాగితం నేను వేరే రాస్త.” తర్వాత ఇంద్రాణి వైపు చూడకుండా అన్నాడు. “అయితే యాక్సిడెంటే. ఎవలి పాపం లేదు.”

ఇంద్రాణికి కూడా అలాగే అనిపించింది. లేవబోతూ, ముసలాయన మనసు తేలికపరుద్దామని మాత్రమే అడిగింది. “ఆరోజు నట్లు చూడాలని మీకెందుకు తోచింది తాతా?”

“నాకేడ తోస్తది? నేను బండికి దండం పెట్టుకొని పోతుంటి. కమలాకర్ బాబే ఆపి పానా చేతిల పెట్టిండు. ‘తాతా, నీ కాలు పడితెనే బండికి మంచిది, నాలుగు చక్రాలు తొక్కిపో’ అన్నడు. యాది గుడ చేసిండు.”

“ఏమని?”

“‘ఎడమ దిక్కు ఉల్టా తిప్పాలె, మరిచిపోయినవా ఏంది’ అని. నేను నవ్విన. ఎట్ల మరుస్త అన్న. నేను తొక్కుతుంటే ఎనకాల్నే పసుపు రాసుకుంట ఒచ్చిండు.”

ఇంద్రాణి నోట్‌బుక్కు తెరవలేదు. అవసరం లేకపోయింది. ఆదివారం అదే చక్రాన్ని విప్పి బిగించింది కమలాకర్. సోమవారం అంతయ్య చూసి మంచిగనే బిగించాడన్నాడు. కొత్త మర ఎటు తిరుగుతుందో ఆ చేతులకు రెండు రోజుల ముందే తెలుసు.

“మహేందర్ గారూ,” అంది. “బుధవారం ఆ సీట్లో కూర్చోవాల్సింది మధు కాదు. జంగయ్యగారు ఎక్కడ?”

మహేందర్ వరండాలోకి పరుగు తీశాడు. బెంచీ ఖాళీగా ఉంది. పక్కన నీళ్ల సీసా మిగిలి ఉంది.

“ఒంటిగంటకు పోయిండ్రు సార్,” అన్నాడు సెంట్రీ. “పెద్దాయనకు అలసటైంది, తోటకాడ పండుకోబెడత అని కమలాకర్ కార్ల తీస్కపోయిండు.”

మహేందర్ జంగయ్య నంబరు కొట్టి స్పీకరు పెట్టాడు. ఆరుసార్లు మోగింది. ఏడోసారి ఎత్తింది కమలాకర్. గొంతు ఎప్పట్లాగే మర్యాదగా ఉంది.

“చెప్పుండ్రి సార్. పెద్దనాయినా? మంచిగుండు. అన్నం వద్దన్నడు గాని, టైముకు షుగర్ సూది నేనే ఏసిన. గంట సంది మస్తు నిద్రవోతుండు సార్. జర లేపకుండ్రి.”